క్లో ద వూజో: గోడ ఒకటే, గెట్లు ఎనభై. బర్గండీ ఎర్ర వైన్‌లో నేల పాలెంత, పట్టా పాలెంత?

చెరువుకట్ట (హన్మకొండ)

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు వైన్ తెలిసినవాళ్లకు ఒక ప్రశ్న. అక్కడ రాతిగోడ లోపలున్న ద్రాక్షతోట క్లో ద వూజో పేరు రాసున్న రెండు సీసాలు పక్కపక్కన పెట్టండి. పంట సంవత్సరం ఒకటే, రెండింటి మీదా గ్రాండ్ క్రూ అనే ఉంది, అంటే పై మెట్టు. ఒకదాంట్లో నల్ల చెర్రీ రుచి, తడిమట్టి వాసన, మింగాక కూడా నాలుక మీద నిలిచే పట్టు ఉంటాయి. రెండోది పలుచగా, పచ్చి ఆకు వాసనతో తొందరగా ఆరిపోతుంది. ధరలో మాత్రం పెద్ద తేడా ఉండదు. నేలే సర్వం అని ఎక్కడ చూసినా రాస్తారు. ఒకే గోడ లోపల నేల ఒకటే కావాలి కదా? మరి ఈ తేడా నేలదా, పట్టాదారుదా, పీపాల దగ్గర చెయ్యిదా? లెక్కలతో రాస్తే ఇంకా మంచిది.

పీపామూత (కరీంనగర్)

ముందు "నేల ఒకటే" అన్న మాట పక్కన పెట్టాలి. గోడ ఒకటే, నేల ఒకటి కాదు.

క్లో ద వూజో 50 హెక్టార్ల పైచిలుకు, మన లెక్కలో 125 ఎకరాలు. సితో మఠం 1098లో మొదలైంది, ఆ మఠం సన్యాసులే ఈ తోటను ముక్కముక్క కూడబెట్టి, చుట్టూ రాతిగోడ కట్టారు. గోడ కట్టింది తమ ఆస్తి ఇంతవరకు అని చూపించడానికి. లోపల మట్టి అంతా ఒకే రకం అని చెప్పడానికి కాదు. ఫ్రెంచి విప్లవంలో మఠాల భూములు జాతీయం చేసి 1791లో వేలం వేశారు. 1818లో ఉవ్రార్ కుటుంబం చేతికి వచ్చింది, 1889 దాకా ఒకే పట్టా కింద ఉంది. ఆ ఏడాది ఆరుగురికి అమ్మారు. అక్కణ్నుంచి పంపకాలూ అమ్మకాలూ జరిగి ఇవాళ దాదాపు 80 మంది హక్కుదార్లు అయ్యారు. సగటు తీస్తే మనిషికి ఎకరంన్నర.

ఇక వాలు. పడమటి వైపు పైన, పాత మఠం భవనం దగ్గర, మట్టి మూరెడు లోతు, దాని కింద సున్నపురాయి. వాన పడితే నీళ్లు నిలవవు. నడిమధ్యన మట్టి కొంచెం మందం, బంక పెరుగుతుంది, గులకరాళ్లు ఉంటాయి. తూర్పున కింద, పెద్ద రోడ్డు పక్కన, బంకమట్టి లోతుగా ఉండి తేమ పట్టుకుని కూర్చుంటుంది. గోడ బయట ఆ ఎత్తులో ఉన్న భూములకు చాలాచోట్ల మామూలు ఊరిపేరు వైన్ హోదానే వచ్చింది. గోడ లోపల ఉన్నందుకు ఇక్కడ గ్రాండ్ క్రూ అయింది. 1930లలో అప్పెలాసియోఁ హద్దులు, అంటే ఏ పేరు వైన్ ఏ భూమిలో పండాలన్న చట్టపు హద్దులు, గీసినప్పుడు పాత ఆస్తి హద్దునే నేల హద్దుగా తీసుకున్నారు. మీ మొదటి ప్రశ్నకు జవాబు సగం ఇక్కడే ఉంది.

సర్వే నంబరు (హన్మకొండ)

ముక్కలు ఎందుకయ్యాయో చట్టం వైపు నుంచి చెప్తాను.

1804 నెపోలియన్ పౌరస్మృతి ప్రకారం పిల్లలందరికీ ఆస్తిలో తప్పనిసరి వాటా ఉంటుంది. ఒక బిడ్డ ఉంటే సగం, ఇద్దరుంటే మూడింట రెండు వంతులు, ముగ్గురూ ఆపైన ఉంటే ముప్పావు భాగం కన్నవాళ్లు ఎవరికీ రాసివ్వడానికి వీల్లేదు, పిల్లలకే చెందాలి. మన దగ్గర స్వార్జితాన్ని వీలునామాతో ఎవరికైనా ఇవ్వొచ్చు, అక్కడ ఆ స్వేచ్ఛ ఆ మిగిలిన భాగానికే. ఆడపిల్లలకు సమాన వాటా కూడా అక్కడ అప్పటి నుంచే ఉంది. మనకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతో, దేశమంతటా 2005 సవరణతో వచ్చింది.

పంచుకునే పద్ధతి చూడండి. మన ఊళ్లలో అన్నదమ్ములు వేరుపడితే ఒకరికి చెలక అంతా, ఒకరికి చెరువు కింద మడి అంతా ఇవ్వరు. ప్రతి తునకనూ చీల్చి తలా కొంచెం ఇస్తారు, లేకపోతే పంచాయితీ తెగదు. బర్గండీలోనూ అదే. నలుగురు పిల్లలకు నాలుగు పేర్లున్న తోటలుంటే, ఒక్కొక్కరికి ఒక్కో తోట రాదు, నాలుగు తోటల్లోనూ నాలుగేసి ముక్కలవుతాయి. రెండు తరాలు తిరిగేసరికి ఒక ఇంటికి పన్నెండు చోట్ల పన్నెండు తునకలు.

కొలతలు కూడా చూడండి. అక్కడి పాత కొలత ఊవ్రే, అంటే ఒక మనిషి ఒక రోజు పని. 428 చదరపు మీటర్లు, మన లెక్కలో నాలుగుంపావు గుంటలు. ఎనిమిది ఊవ్రేలు ఒక జుర్నాల్, 34 గుంటలు. ఇప్పటికీ అమ్మకాల మాటల్లో ఊవ్రే లెక్కే నడుస్తుంది. రోమనే-కోంతి తోట మొత్తం 1.81 హెక్టార్లు, అంటే 4 ఎకరాల 19 గుంటలు. దాని పైన ఆనుకుని ఉన్న లా రోమనే 0.85 హెక్టారు, రెండెకరాల పైన నాలుగు గుంటలు. రెండూ ఒక్కొక్క యజమాని చేతిలోనే ఉన్నాయి.

చెరువుకట్ట (హన్మకొండ)

సర్వే నంబరు గారూ, గుంటల్లో చెప్పేసరికి బొమ్మ కళ్లముందు కట్టింది. ఇంకో మాట. నాలుగు గుంటల తోట ఉన్నాయన విడిగా వైన్ ఎట్లా చేస్తాడు? ఒక పీపా అయినా నిండుతుందా?

రసాయనం (కాజీపేట)

నిండదు. లెక్క వేసి చూద్దాం.

గ్రాండ్ క్రూ ఎర్ర వైన్‌కు దిగుబడి పరిమితి హెక్టారుకు సుమారు 35 హెక్టోలీటర్లు (హెక్టోలీటరంటే వంద లీటర్లు). ఒక ఊవ్రేకు అది 150 లీటర్లు. తీగలు మీటరుకు ఒకటి, మీటరు ఎడం వరుసలు, అంటే హెక్టారుకు 10,000. కాబట్టి ఒక ఊవ్రేలో 428 తీగలు. లీటరు వైన్‌కు కిలో మూడొందల గ్రాముల పండు వేసుకుంటే మొత్తం 200 కిలోలలోపే. తీగకు అరకిలో కూడా కాదు. బర్గండీ పీపా పియెస్ 228 లీటర్లు, 300 సీసాలు. అంటే ఊవ్రే పంటకు పీపాలో మూడోవంతు వెలితి.

వెలితి ఉంటే ఏమవుతుంది? పీపాలో వైన్ పైన గాలి నిలిస్తే ఎసిటిక్ బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది, వైన్ సిర్కా వైపు నడుస్తుంది. అందుకని 114 లీటర్ల సగం పీపా ఫ్యోయెత్, 57 లీటర్ల పావు పీపా కార్తో వాడతారు. 150 లీటర్లకు ఒక ఫ్యోయెత్ నింపి, మిగిలిన 36 లీటర్లు గాజు జాడీల్లో పెట్టి, దాంతోనే పీపా నింపుతూ రావాలి. చెక్కలోంచి ఆవిరై పోయేది పెద్ద పీపాకే ఏడాదికి 5 నుంచి 10 లీటర్లు. చిన్న పీపాలో వైన్‌కు తగిలే చెక్క వైశాల్యం ఎక్కువ కాబట్టి గాలీ, ఓక్ వాసనా తొందరగా ఎక్కుతాయి. కొత్త ఓక్ ఫ్యోయెత్‌లో పోస్తే పండు రుచి కనపడకుండా పోతుంది. పాతదే వాడాలి.

అంతకన్నా పెద్ద చిక్కు పులియబెట్టేటప్పుడు వస్తుంది. బర్గండీ ఎర్ర వైన్ ద్రాక్ష పీనో న్వార్. దాని తొక్క పలుచన, రంగు తక్కువ. తొక్కలోని పట్టు దిగాలంటే పులుస్తున్న తొట్టి 28 నుంచి 32 డిగ్రీల దాకా వేడెక్కాలి. రెండు మూడు టన్నుల తొట్టి తనంతట తానే ఆ వేడి తెచ్చుకుంటుంది. 200 కిలోల తొట్టిలో పుట్టిన వేడి గోడల్లోంచి పుట్టినట్టే పోతుంది, 24 దగ్గర ఆగిపోతుంది. వైన్ పలుచబడుతుంది. తొట్టికి దుప్పట్లు చుట్టాలి, గది వెచ్చబెట్టాలి. మీరు మొదట రాసిన పలుచని సీసాకు ఇదొక కారణం కావచ్చు. పచ్చి ఆకు వాసన మాత్రం వేడి లోపం వల్ల రాదు. పండు పండకముందే కోసినా, గుత్తి కాడలు పచ్చిగా ఉండగానే కలిపి వేసినా వస్తుంది.

తొక్కల మీగడ పైకి తేలి ఎండకుండా రోజుకు ఒకటి రెండుసార్లు కిందికి తొక్కాలి, దాన్నే పిజాజ్ అంటారు. ఒక పూట మానేస్తే మీగడ మీద పులుపు పురుగు పడుతుంది. పన్నెండు తునకలున్న ఇంటికి పన్నెండు తొట్లు, ఒక్కోటి ఒక్కో దశలో ఉంటుంది. కోతకు పది మందిని పెట్టుకుంటే ఈ ముక్క ఇవాళ పండిందా, ఆ ముక్క ఎల్లుండా అని చూడడానికి ఉండదు. మనుషులు వచ్చిన రోజే కోస్తారు. ముక్కల పట్టా వైన్‌ను చెడగొట్టేది ఎక్కువగా ఈ కోత తేదీ దగ్గరే అని నా గట్టి అభిప్రాయం.

చెలక అక్క (జనగామ)

నేల వైపు నుంచి కొంత రాస్తాను.

ముందు మనవాళ్లు చేసే ఒక పొరపాటు. "వాళ్ల సున్నపు నేల మన ఎర్ర చెలక లాంటిదే, నీళ్లు నిలవవు కదా" అంటుంటారు. కాదు. మన చెలక గ్రానైటు అరిగి వచ్చిన ఇసుక మట్టి. నీళ్లు దిగిపోతాయి, మళ్లీ ఇవ్వదు. వాళ్లది జురాసిక్ కాలపు సున్నపురాయి, మధ్యమధ్య మార్ల్ అనే సున్నపు బంక. రాయి పగుళ్లలో, మార్ల్ పొరల్లో తేమ దాగి ఉండి వేరుకు కొంచెం కొంచెంగా అందుతుంది. నీళ్లు నిలవకపోవడం ఒక్కటే గుణమైతే ప్రతి గుట్టబోడు గ్రాండ్ క్రూ కావాలి. వాలు మధ్యలో గొప్ప తోటలు పడడానికి కారణం, అక్కడ రాయీ బంకా సరైన పాళ్లలో కలవడం. పైన మరీ ఎత్తుకు పోతే మట్టి లేదు, చల్లగాలి ఎక్కువ. కింద నల్లరేగడిలో పత్తికి వానాకాలం అయ్యే కష్టమే తీగకూ అవుతుంది: వేరుకు గాలి ఆడదు, ఆకు పెరుగుతుంది, కాయలు లావెక్కి నీళ్లబడతాయి, సెప్టెంబరు వానకు గుత్తి లోపల బూజు పడుతుంది. పీనో గుత్తి బిగువుగా ఉంటుంది, ఒక కాయ పగిలితే చుట్టూ ఉన్నవన్నీ పోతాయి.

ఇప్పుడు పట్టా నేలను ఎట్లా మారుస్తుందో రెండు సంగతులు.

ఒకటి కూర్-నూవే అనే వైరస్ తెగులు. మట్టిలో ఉండే నులిపురుగు దీన్ని వేరు నుంచి వేరుకు మోస్తుంది. తీగ కణుపులు దగ్గరపడతాయి, ఆకు పసుపు తిరుగుతుంది, కాత రాలిపోతుంది. తెగులు పట్టిన తోట పీకేసి ఏడేళ్లకు తగ్గకుండా బీడు పెడితే తప్ప నేల శుభ్రపడదు. పది గుంటలవాడు ఏడేళ్లు బీడు పెట్టలేడు, అది కూడా ఆ ధర భూమిలో. పెట్టినా పక్క వరుస పాలోళ్లది, వాళ్ల తీగ వేళ్లు ఇటే ఉంటాయి. అందుకని చచ్చిన తీగ పీకి దాని చోటే ఇంకోటి నాటుతూ పోతారు. తెగులు పోదు. ఒకే యజమాని ఉన్న తోటలో ఈ పని ముక్కల వారీగా వరుసపెట్టి చేసుకోవచ్చు. రోమనే-కోంతిలో 1945 పంట తర్వాత తోట మొత్తం పీకేశారు, 1946 నుంచి 1951 దాకా ఆ పేరుతో వైన్ రాలేదు. అప్పటి కారణం వేళ్లకు పట్టే ఫిలోక్సెరా పేను, అంటు కట్టని పాత తీగలు అవి. ఆరేళ్లు రాబడి వదులుకోవాలంటే మొత్తం నిర్ణయం ఒక చేతిలో ఉండాలి.

రెండోది మట్టి జారుడు. వరుసలు వాలు పొడవునా, కిందికి దున్నినట్టు ఉంటాయి. గట్టి వాన పడితే మంచి మట్టి కింద వాళ్ల చేలోకి పోతుంది. పూర్వం తట్టలతో పైకి మోసేవాళ్లు. మొత్తం వాలు ఒకరిదే అయితే ఆ మట్టిని తిరిగి తనే మోసుకుంటాడు. వాలు నలుగురిదైతే కిందివాడు ఎందుకిస్తాడు? మందు చల్లడంలోనూ ఇదే గొడవ. ఒకాయన సేంద్రియం అంటాడు, మీటరు అవతలి వరుసలో పక్కాయన రసాయనం కొడతాడు. గాలికి వచ్చి పడుతుంది. అంచు రెండు వరుసల పండు విడిగా కోసి, సేంద్రియం ముద్ర లేకుండా అమ్ముకోవాలి. నాలుగు వరుసల ముక్కలో అంచు వరుసలు తీసేస్తే మిగిలేది రెండు.

గీతకత్తి (ములుగు)

చెలక అక్కా, మంచిగ చెప్పినవ్. తాటికల్లు లెక్క ఒకటి పక్కన పెడతా, ఇక్కడోళ్లకు తొందరగ అర్థమైతది.

ఒకే గెట్టు మీద పది తాళ్లుంటయి. భూమి పట్టాదారుది, గీసేది గౌడన్న. పోద్దాటి కల్లు తీరు వేరు, పండుతాటి కల్లు తీరు వేరు, కాలం గూడ వేరు. అది చెట్టు గుణం, ఎవ్వరు మార్చలేరు. గానీ ఒకే చెట్టు చేతులు మారితే కల్లు మారుతది. గెలకు గీత మందంగ వెడితే గెల తొందరగ అయిపోతది, పలుచగ వెడితే ఎక్కువ రోజులు పారుతది. లొట్టి కడుగక మళ్ల కడితే అడుగున్న పాత కల్లు కొత్తదాన్ని పొద్దెక్కకముందే పులిపిస్తది. తాగేటోడు "ఫలానా వనం కల్లు" అంటడు, అసలు అది ఫలానా చెయ్యి.

ఒక్క తేడా ఉన్నది. కల్లు పొద్దుగాల చెడితే మాపటి గీతకు సరిచేసుకోవచ్చు. ద్రాక్ష ఏడాదికి ఒక్కసారే. కోత తప్పితే మళ్ల సెప్టెంబరు దాక ఆగాలె. అందుకే రసాయనం సారు చెప్పిన కోత తేదీ మాట ఖరారు.

ఒరం గట్టు (హుజూరాబాద్)

ఒక సందేహం. గిన్ని ముక్కలైనంక వాళ్లు కలుపుకోరా? మనకాడ కౌలుకు ఇస్తరు, పాలుకు ఇస్తరు. అక్కడ లేవా?

సర్వే నంబరు (హన్మకొండ)

రెండూ ఉన్నాయి, వాటి వల్లే సీసా మీద పేరు ఇంకా చిక్కుపడుతుంది.

కౌలును ఫెర్మాజ్ అంటారు. కనీసం 9 ఏళ్లు, 18, 25 ఏళ్లవీ ఉన్నాయి. కౌలు తరచుగా "హెక్టారుకు ఇన్ని పీపాల వైన్" అని రాసుకుని, జిల్లా పరిపాలన ఏటా ప్రకటించే ధరతో డబ్బుగా మారుస్తారు. పాలును మెతయాజ్ అంటారు. భూమి ఆసామికి పంటలో మూడోవంతు నుంచి సగం దాకా పోతుంది, పండుగా కానీ వైన్‌గా కానీ.

వైన్‌గా పంచుకున్నప్పుడు ఏమవుతుందో చూడండి. ఒకే తొట్టి, ఒకే చెయ్యి. ఆరు పీపాల్లో రెండు ఆసామి ఇంటికి పోతాయి, ఆయన తన పేరు అతికించుకుంటాడు, మిగిలిన నాలుగు పాలుదారు పేరుతో వస్తాయి. చెరువుకట్ట గారు ఒకే పేరుతో రెండు రకాల వైన్ గురించి అడిగారు. ఇక్కడ దానికి తలకిందులు: ఒకే వైన్, రెండు పేర్లు. ఒకటి ప్రసిద్ధమైన ఇల్లు అయితే రెండోది తక్కువ ధరకు దొరుకుతుంది.

కౌలు గడువు ఐదేళ్లే మిగిలుంటే కౌలుదారు కొత్త తీగలు నాటడు. నాటిన మూడో ఏడు దాకా ఆ హోదాతో పంట లెక్కకు రాదు, మంచి పండుకు ఇంకా ఆగాలి. ఆ ఖర్చు తనది, ఫలం తర్వాత వచ్చేవాడిది. అందుకని ముసలి తీగలు అట్లాగే ఉండిపోతాయి. సీసా మీద "వియెయ్ వీన్", అంటే పాత తీగలు, అని కనిపిస్తే అన్నిసార్లూ అది మంచికోసం ఉంచింది కాదు. ఆ మాటకు చట్టంలో ఇన్నేళ్లు అన్న నిర్వచనం కూడా లేదు.

మూడో దారి, వారసులంతా కలిసి భూమిని ఒక భూసంఘం పేరున పెట్టి వాటాలు పంచుకోవడం. నేల చీలదు, కాగితం చీలుతుంది. గ్రాండ్ క్రూ భూమి సగటున హెక్టారు 60 లక్షల యూరోలు దాటింది. సొంత పిల్లలకు వచ్చినా వారసత్వపు పన్ను పై మెట్టులో నూటికి 45 దాకా పోతుంది. వైన్ అమ్మి ఆ పన్ను కట్టడం కుదరక అమ్ముకునే ఇళ్లు ఉన్నాయి, కొనేవాళ్లు చాలాసార్లు పెద్ద డబ్బున్న బయటివాళ్లు. క్లో దె లాంబ్రే తోట 2014లో విలాస వస్తువుల సంస్థ ఎల్వీఎంహెచ్ చేతికి, క్లో ద తార్ తోట 2017లో వ్యాపారవేత్త పినో కుటుంబం చేతికి వెళ్లాయి.

పీపామూత (కరీంనగర్)

క్లో ద తార్ మాట వచ్చింది కాబట్టి, చెరువుకట్ట గారి ప్రశ్నకు సరైన పోలిక అదే. 7.53 హెక్టార్లు, 18 ఎకరాల 24 గుంటలు. 1141 నుంచి ఇప్పటిదాకా నాలుగే నాలుగు యాజమాన్యాలు. ఎప్పుడూ ముక్కలు కాలేదు. లోపల నేల అక్కడా ఒకే తీరుగా లేదు. కానీ ఒకరిదే కాబట్టి ముక్కముక్క విడిగా కోసి, విడిగా పులియబెట్టి, రుచి చూసి కలుపుతారు. సరిపోని తొట్టిని కింది పేరుతో, లా ఫోర్జ్ ద తార్ అని, ప్రీమియే క్రూగా, అంటే గ్రాండ్ క్రూ కింది మెట్టుగా, వదులుతారు. ఈ వదులుకునే హక్కు విలువ తెలియాలి. వూజో గోడ లోపల కింది వైపు ఎకరం మాత్రమే ఉన్నాయన దేన్ని వదులుకుంటాడు? ఆయనకున్న గ్రాండ్ క్రూ అదొక్కటే.

దీనికితోడు కలిపే నియమం కఠినం. గ్రాండ్ క్రూలో పక్క ప్రీమియే క్రూ ఒక్క బిందె కలిపినా మొత్తం కింది మెట్టుకు పడుతుంది. ఒకే ఊరి రెండు ప్రీమియే క్రూలు కలిపితే "ప్రీమియే క్రూ" అని రాయొచ్చు, తోట పేరు రాయకూడదు. రెండు ఊళ్లవి కలిపితే చాలామటుకు వట్టి బూర్గోయ్ఁ, అంటే ప్రాంతం పేరే. అందుకే తునకల ఇల్లు తొట్టి చిన్నదైనా విడిగా చేయడానికే చూస్తుంది, కలిపితే వైన్ బాగుపడేదైనా సరే.

ఫ్రాన్స్‌లోనే ఇంకో వైన్ ప్రాంతం బోర్డో తీరు వేరు. అక్కడ 1855 వర్గీకరణ హోదాను షాతో, అంటే ఎస్టేటు, పేరుకు ఇచ్చింది, నేలకు కాదు. హోదా ఉన్న షాతో తన అప్పెలాసియోఁలో పక్క భూమి కొని అదే పేరు సీసాలో పోయొచ్చు. లాఫీత్ అనే షాతో ఒక్కటే వంద హెక్టార్లు దాటి ఉంది. అందుకే అక్కడ షాతో పేరు చూసి కొంటే చాలు.

ఒరం గట్టు (హుజూరాబాద్)

అయితే బర్గండీ సీసా కొనేటోడు ఏం జూడాలె? వరుసగ చెప్పున్రి.

పీపామూత (కరీంనగర్)

ముందు పేరులో గీత ఉందా లేదా చూడండి అన్నా. షాంబెర్తాఁ అంటే గ్రాండ్ క్రూ తోట. జెవ్రే-షాంబెర్తాఁ అంటే ఊరు. 1847లో జెవ్రే ఊరు తన పేరుకు ఆ తోట పేరు తగిలించుకుంది, మిగతా ఊళ్లూ అదే దారి పట్టాయి. వోన్-రోమనే ఊరు, షాంబోల్-ముసిన్యీ ఊరు. రెండు పేర్లు గీతతో ఉంటే చాలామటుకు అది ఊరి వైన్, రోమనే-కోంతి లాంటి తోటలు మినహాయింపు.

తర్వాత సీసాలో పోసింది ఎవరో. "మీ జాఁ బూతెయ్ ఓ దొమేన్" అంటే పండించినవాళ్లే పోశారు. దొమేన్ మాట లేకుండా వట్టి పేరూ ఊరూ ఉంటే నెగోసియాఁ కావచ్చు, అంటే పండో వైన్‌నో కొని చేసే వ్యాపారి. వ్యాపారి అనగానే తీసిపారేయొద్దు. ఊవ్రే ఊవ్రే ఉన్న ఐదుగురి పండు కొని ఒకే పెద్ద తొట్టిలో వేస్తే, రసాయనం గారు చెప్పిన వేడి చిక్కు తీరుతుంది. చిన్న ముక్కల దేశంలో వాళ్ల పని అందుకే పుట్టింది. "మోనోపోల్" అని ఉంటే తోట మొత్తం ఒక్కరిదే.

ఇంటిపేరు జాగ్రత్తగా చదవండి. గ్రో అనే పేరుతో ఆన్ గ్రో, మిషెల్ గ్రో, ఆ-ఎఫ్ గ్రో, గ్రో ఫ్రేర్ ఎ స్యోర్ ఉన్నాయి. ఒకే కుటుంబం కొమ్మలు, వేర్వేరు తొట్లు, వేర్వేరు చేతులు. జంట పేర్లలో చాలావాటి వెనక పెళ్లితో కలిసిన భూములుంటాయి. మనదగ్గర పసుపు కుంకుమ కింద ఇచ్చే చెలక లాంటిదే, కాకపోతే అక్కడ పేరు మీద కూడా కనబడుతుంది.

క్లో ద వూజోకు ప్రత్యేకంగా: ముక్క పేరు రాసుందా చూడండి. గ్రాఁ మోపెర్త్వీ అని ఉంటే పై భాగం. మేఓ-కాముజే అనే ఇంటివాళ్ల ముక్క కూడా పైన మఠం భవనం పక్కనే. అందరికన్నా ఎక్కువ భూమి ఉన్నది షాతో ద లా తూర్‌కు, ఐదున్నర హెక్టార్ల దాకా. ముక్క పేరు లేని సీసా అయితే తోట పటం తీసుకుని ఆ యజమాని వరుసలు ఎక్కడున్నాయో చూడాలి, పటాలు దొరుకుతాయి. ఒక్క మాట, కింది భాగం అని తీసేయకండి. ఎండలు మండి వానలు లేని ఏడాది పైన తీగలు దాహంతో ముడుచుకుంటే, కింది బంకలో తేమ ఉండి పండు నిండుగా వస్తుంది. వాన ఏడాది పైన, ఎండ ఏడాది నడుమ, కింద.

చెరువుకట్ట (హన్మకొండ)

చాలా స్పష్టంగా ఉంది, పీపామూత గారూ. చివరిగా ఒకటి. అంత ధర పెట్టి తెచ్చిన సీసా వరంగల్ ఎండలో నిలబెట్టేదెట్లా?

రసాయనం (కాజీపేట)

మే నెలలో 44 డిగ్రీల గదిలో రెండు వారాలు చాలు, వైన్ ఉడికిపోతుంది. లోపలి ద్రవం వ్యాకోచించి బిరడా మూతిపైకి ఉబ్బుతుంది, పక్కనుంచి జిగటగా కారిన మరక ఉంటుంది, రుచి ఉడికించిన రేగుపండు లాగా మారుతుంది. కొనేటప్పుడే మూతి మీది తొడుగు వేలితో తిప్పండి. తిరగకుండా అంటుకుపోయి ఉంటే లోపల కారి ఉండే అవకాశం ఉంది, వదిలేయండి.

12 నుంచి 14 డిగ్రీల వైన్ పెట్టె ఉంటే సీసా పడుకోబెట్టండి. అది లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో కింది కూరగాయల అరలో ఆరు నెలల లోపు పెట్టుకోవచ్చు. తలుపు అరలో వద్దు, తెరిచినప్పుడల్లా ఊగుతుంది, వేడి తగులుతుంది. కరెంటు పోయిన పూట ఫ్రిజ్ తెరవకండి. అల్మారాలో, బీరువా మీద, మెట్ల కింద చీకటి ఉందని పెట్టడం ఎండాకాలం ఎక్కడా పనికిరాదు, చీకటి ఉన్నా చల్లదనం లేదు.

వడ్డించేటప్పుడు 15, 16 డిగ్రీలు ఉండాలి. "గది వేడిలో తాగాలి" అన్న మాట యూరప్ గదులకు పుట్టింది. ఇక్కడ ఫ్రిజ్‌లోంచి తీశాక చలికాలంలో కొంచెం ఎక్కువసేపు, ఎండాకాలంలో తక్కువసేపు బయట పెడితే చాలు. గ్లాసులో పోశాక ఇంకా వేడెక్కుతుంది కాబట్టి కొంచెం కొంచెం పోయండి. 20 దాటితే పీనోలో మద్యం ఘాటే ముక్కుకు తగులుతుంది, ఇంతసేపు మనం మాట్లాడుకున్న నేల తేడా ఏదీ తెలియదు.

ఒరం గట్టు (హుజూరాబాద్)

ఈ పీనో తీగ ఇక్కడ పెడితే పండుతదా అక్కా?

చెలక అక్క (జనగామ)

పెట్టొద్దు తమ్ముడూ. పీనోకు చలికాలపు నిద్ర కావాలి, పండే రోజుల్లో రాత్రి చల్లదనం కావాలి. మన దగ్గర తీగ నిద్రపోదు. అందుకే దక్కనులో ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు: ఏప్రిల్‌లో కొమ్మ తయారీకి, అక్టోబరులో కాపుకు. పండు ఫిబ్రవరి, మార్చిలో కోతకు వస్తుంది, అప్పటికే ఎండ ముదురుతుంటుంది. పీనో పలుచని తొక్క ఆ ఎండకు ముడతపడుతుంది, పులుపు పడిపోయి చక్కెర ఎగబాకుతుంది. వైన్ ద్రాక్ష తప్పదనుకుంటే షిరాజ్, కాబెర్నే లాంటి మందం తొక్క రకాలు, డాగ్‌రిడ్జ్ కానీ 110 ఆర్ కానీ వేరుమొక్క మీద అంటుకట్టి, డ్రిప్పుతో. అయినా పండు ఎవరు కొంటారో ముందు రాతపూర్వకంగా ఖాయం చేసుకున్నాకే గుంత తవ్వండి. తినే ద్రాక్షలాగా దీన్ని అంగట్లో అమ్ముకోలేరు, గింజ పెద్దది, గుజ్జు తక్కువ.